ఆరిపోయిన చిచ్చుబుడ్డి

మా అక్క పెండ్లప్పుడు నాకు పదకొండేండ్లు. చేవెళ్ళల మాది కిరాణా దుకాణం, పెండ్లికొడుకు వాళ్ళది ఎంకపల్లి. పొద్దు గూకే యాళకు వాళ్ళ బండ్లు ఊరి మొదట్ల ఆగినయి. మేమందరం ఎదుర్కోళ్ళకు పోయినం.

పటాకలు కాల్చే పని మా మేనమామ మీద పెట్టిండ్రు. మమ్ముల కన్న అవ్వకు ఒక్కడే తమ్ముడు, ఇరవై గూడ నిండలే. పట్టు అంగి తొడుక్కొని, చేతిల ఊదుబత్తి పట్టుకొని, బాట మీద ఆరు మట్టి చిచ్చుబుడ్లు వరుసగ పెట్టిండు. అయిదు మంచిగ పూసినయి. ఆరోది చుర్రుమని ఆరిపోయింది.

"మామా, గిది అంటుకోలే! మళ్ళ ముట్టియ్యి" అని నేనే ఒర్రిన.

"ఆగు బిడ్డా, జర సూస్త" అని వంగి, దాని మూతి కాడ నోరు పెట్టి ఊదిండు. నేను నవ్వుతనే ఉన్న.

పెద్ద చప్పుడయింది. బుడ్డి పెంకులొచ్చి నా లంగకు తాకినయి. పొగల మామ రెండు చేతులు మొకానికి పెట్టుకొని కూలబడ్డడు. అంగి చెయ్యి మండుతున్నది. డప్పులు ఆగిపోయినయి. అంతమంది ఉన్నం, ఒక్కరు కదలలే.

మొదలు కదిలింది పెండ్లికొడుకు నాయనమ్మ. అప్పటిదాక ఆమెను మేం చూసింది లేదు. బండి మీదికెల్లి దిగి, మంచినీళ్ళ బిందె ఎత్తి మామ మీద గుమ్మరించింది. ఎవరో "పసుపు అద్దుండ్రి" అన్నరు.

"ఏం అద్దకుండ్రి! ఉత్త నీళ్ళు పొయ్యుండ్రి, పోస్తనే ఉండుండ్రి!" అని గదిమింది. పెండ్లికొడుకు దిక్కు తిరిగి, "నువ్వు దిగు. నీ బండిల ఈ పిలగాన్ని పట్నం దవాఖానకు తోలాలె" అన్నది.

తెల్లారి మామ లేకుండనే తలంబ్రాలు పడ్డయి. అవ్వ కొంగు నోట్ల కుక్కుకొని నిలవడ్డది.

నెల దాటినంక మామ వచ్చిండు. కుడి కన్ను పోయింది. "ఎందుకు వంగినవురా?" అని అవ్వ ఏడిస్తే, "నాకే బుద్ధి లేక, అక్కా" అన్నడు. నా పేరు తియ్యలే. నేనూ నోరు మెదపలే.

ఏడాదికి, ఇద్దరమే ఉన్నప్పుడు అడిగిన. "మామా, ముట్టియ్యమన్నది నేను గద?"

"నువ్వు పిల్లవు, పెద్దోన్ని నేను. ఆరినదాని మీద నీళ్ళు పోసి ఇడిసిపెట్టాలె గని, నోటితోని ఊదుతరా?" అన్నడు.

నా పెండ్లికి పటాకలు మామనే తెచ్చిండు. గడ్డివాములకు దూరంగ, పంట లేని ఉత్త చెల్కల పెట్టిచ్చి, రెండు గంగాళాల నీళ్ళు పక్కకు ఉంచి, చూసేటోళ్ళు దాటకుండ సున్నంతోని గీత గీసిండు. కాల్చేతందుకు నూలు బట్టలు కట్టుకున్నోళ్ళనే లోపలికి రానిచ్చిండు.

"గింత దూరం నుంచి ఏం కనవడ్తది?" అని మా మరిది గునుసుకుంట గీత దాటిండు.

"కండ్లుంటే ఎంత దూరమున్నా కనవడ్తది బాపు" అని మామ అన్నడు. మరిది మామ మొకం దిక్కు చూసి, మళ్ళ గీత ఎనుకకు జరిగిండు.