బతికున్న మనిషికి బంతిపూల దండ

బంతిపూలు ఎక్కడ దొరుకుతాయక్కా అని మెక్సికో అమ్మాయి అడిగితే నాకు నవ్వొచ్చింది. ఇద్దరం షార్జాలో ఒకే ఆసుపత్రిలో చేస్తున్నాం, అల్ నహ్దాలో వాళ్ళిచ్చిన ఫ్లాటులోనే ఉంటున్నాం. నేను ఐసీయూ నర్సుని, తను ఊపిరి సరిగా ఆడనివాళ్ళ చేత వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు. అక్కా అనడం నేనే నేర్పాను, నా పేరు పలకలేక పడే అవస్థ చూడలేక. బంతిపూలు మా ఊళ్ళో దసరాకి గుమ్మాలకు కట్టుకుంటాం, నీకెందుకే అన్నాను. ఆ పువ్వు పుట్టిల్లే మా దేశం అంది. కోతలు కోస్తోందనుకున్నాను. తర్వాత ఫోన్లో వెతికి చూసి నోరు మూసుకున్నాను.

మా ఆసుపత్రిలో ఏ దేశంవాళ్ళ పండుగైనా కేంటీన్ ముందు ఒక బల్ల వేసి అలంకరిస్తారు. కోవిడ్ సద్దుమణిగిన ఆ ఏడు, స్పానిష్ మాట్లాడే దేశాలకు కూడా ఒక రోజు ఇచ్చారు. ఆ భాషవాళ్ళు మా దగ్గర ఇద్దరే. రెండో ఆయన కొలంబియా సర్జను, తీరిక లేదని తప్పుకున్నాడు. బరువంతా ఈమె నెత్తిన పడింది. తేదీ మాత్రం తనే అడిగి నవంబరు రెండుకి మార్పించుకుంది.

ఆ తేదీ వినగానే నా ప్రాణం లేచొచ్చింది. మా గుంటూరు వైపు క్రైస్తవులకు అది సమాధుల పండుగ. సున్నాలు వేసి, పూలు చల్లి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాం. పాస్టరుగారు చూడకుండా మా అమ్మ మా అమ్మమ్మ సమాధి మీద ఒక చుట్ట కూడా పెట్టేది, ఆవిడకి అదంటే ప్రాణం. ఈ అమ్మాయి వాళ్ళ ఇళ్ళలో ఆ రోజు పోయినవాళ్ళు చుట్టపుచూపుగా వస్తారట. బల్ల మీద వాళ్ళ ఫొటోలు పెట్టి, ఒక గ్లాసు నీళ్ళు, ఇష్టమైన తిండి పెట్టి, దారి తప్పకుండా బంతిరేకులు చల్లుతారట. భూగోళానికి అటు చివరా ఇటు చివరా ఉన్న ఊళ్ళు ఒకే రోజు ఒకే పని చేస్తున్నాయని విని, ఆ పూట ఇద్దరం ఇంకో గ్లాసు టీ ఎక్కువ తాగాం.

అంతలో అక్కడ మెక్సికోలో ఆ అమ్మాయి నాన్నకి న్యుమోనియా వచ్చింది. వెంటిలేటర్ మీద పెట్టారు. తమ్ముడు రోజూ ఫోన్ చేసేవాడు. ఈమె వీసా రెన్యువల్‌లో ఉంది, పాస్‌పోర్టేమో వీసా ఆఫీసువాళ్ళ దగ్గర ఉంది, కదిలే దారి లేదు. వాళ్ళమ్మ కోవిడ్ మొదటి ఏడే పోయింది. విమానాలు లేక అప్పుడూ వెళ్ళలేదు. ఇప్పుడు ఈయన కూడా నేను చూడకుండానే పోతాడా అక్కా అని రోజూ ఒకే ప్రశ్న. ఐసీయూలో ఇన్నేళ్ళు చేసిన నోటితో ఏమీ కాదులే అని అబద్ధం చెప్పలేను. మాట మార్చేదాన్ని. ఈ బల్లా వద్దు, ఏమీ వద్దు, మానెయ్యి అని కసిరాను కూడా. మానితే ఊరికే కూర్చోవాలి అంది. అదీ నిజమే.

సెలవు రోజు దుబాయ్‌లో డేరా బజారుకి వెళ్ళి తమిళాయన పూలకొట్టులో బంతిదండలు సంచీడు తెచ్చాం. బల్ల మీద మెట్లు కట్టి రంగుల గుడ్డ పరిచింది. మా పెళ్ళిపందిళ్ళలో కడతామే, అలాంటి కత్తిరించిన రంగుకాగితాలు వేలాడదీసింది. వాళ్ళ గొప్పవాళ్ళ ఫొటోలు ఒక్కొక్కటే పెడుతూ నాకు కథలు చెప్పింది. విరిగిన ఒంటితో మంచం మీదే పడుకుని బొమ్మలు వేసినావిడ. మందుల ప్రయోగశాలలో పనిచేసి, గర్భనిరోధక మాత్రకి మూలమైన పదార్థాన్ని తయారుచేసిన కుర్ర కెమిస్టు. మూడు వందల ఏళ్ళ కిందట కవిత్వం రాసిన ఒక కన్యాస్త్రీ. అంటురోగం వచ్చినప్పుడు ఆమె తోటి కన్యాస్త్రీలకు సేవ చేస్తూ, ఆ రోగంతోనే పోయిందట. ఆవిడ పటం నేను కాసేపు కింద పెట్టలేకపోయాను. మా వార్డులోంచి కూడా అలా ఒకరు పోయారు.

మరి మీ ఫుట్‌బాల్ ఆటగాళ్ళేరీ, పాటలు పాడేవాళ్ళేరీ అంటే ఎదురుగోడ చూపించింది. బతికున్నవాళ్ళు గోడకి, పోయినవాళ్ళు బల్లకి. బతికున్న మనిషి బొమ్మ ఆ బల్ల మీద పెడితే చావుని ఇంటికి పిలిచినట్టేనట. మాకూ అంతేనన్నాను. బతికున్నవాళ్ళ ఫొటోకి దండ వేస్తే మావాళ్ళు వీపు విమానం మోత మోగిస్తారు.

చివరికి పై మెట్టు మీద వాళ్ళమ్మ ఫొటో పెట్టింది. ఆవిడ కొండ ఊళ్ళలో పిల్లలకు టీకాలు వేస్తూ తిరిగిన నర్సు. ఫొటోలంటే సిగ్గుపడే మనిషి కావడంతో ఉన్నది ఆ ఒక్కటే, అందులో పక్కన భర్త నిలబడి ఉన్నాడు. కత్తిరించడానికి ఈమెకి చేతులు రాలేదు. వాళ్ళ నాన్న వైపు సగం కనబడకుండా ఎర్ర కాగితం కట్టింది. కింద పండుగకి చేసే తీపి రొట్టె పెట్టింది, వాళ్ళమ్మకి ఇష్టమైంది.

ముందు రోజు తమ్ముడు చెప్పాడు, వెంటిలేటర్ గొట్టం తీసి చూస్తారట. సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దన్నారట. రెండో తారీఖు పొద్దున్న ఆ అమ్మాయి జుట్టు కూడా దువ్వుకోలేదు, ఫోన్ చేతిలోంచి దించలేదు. పదింటికి ఫొటోలు తీస్తారని ఇద్దరం వార్డులోంచి కిందికి వచ్చాం.

బల్ల మీద ప్రతి ఫొటోకీ బంతిదండ వేలాడుతోంది. పై మెట్టు మీది ఫొటోకి అన్నిటికన్నా పెద్దది. ఎర్ర కాగితం లేదు. దండలో వాళ్ళమ్మా ఉంది, వాళ్ళ నాన్నా ఉన్నాడు.

ఇది మనవాళ్ళ పనేనని చూడగానే తెలిసింది. మహనీయుల చిత్రపటాలకు పూలమాలలు వేసే జాతి ఇంకేది? మా హెచ్ఆర్ ఆఫీసరు, కరీంనగర్ ఆయన, నవ్వుకుంటూ ఎదురొచ్చాడు.

"పెద్దోళ్ళ ఫోటోలు దండల్లేకుంట బోసిగున్నయని నేనే ఏసిన సిస్టరూ. ఒకదానికి కాగితం అడ్డం పడ్డది, తీసేసిన."

"అందులో ఆయన బతికే ఉన్నాడు సార్. ఈ పిల్ల తండ్రి. అక్కడ ఆసుపత్రిలో ఉన్నాడు."

ఆయన ముఖంలో నెత్తురు లేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తమ్ముడే. అక్కడ అర్ధరాత్రి, మంచికి చేసే వేళ కాదు. ఆ అమ్మాయి దండ వంక చూసింది, ఫోన్ నా చేతిలో కుక్కింది, చెవులు మూసుకుని బల్ల పక్కన కూలబడింది.

ఎత్తాను. తమ్ముడు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే గడగడా ఏదో చెబుతున్నాడు, అంతా స్పానిష్. అది ఏ ఏడుపో నాకు తెలియలేదు. కొలంబియా సర్జను ఆపరేషన్‌లో ఉన్నాడు, అడగడానికి ఎవరూ లేరు. ఆ ఆఫీసరు పీక పిసకాలన్నంత కోపం వచ్చింది. హలో హలో అంటూ ఉండిపోయాను.

అప్పుడు అటునుంచి ఇంకో గొంతు వచ్చింది. బొంగురుగా, గాలి ఎక్కువ, మాట తక్కువ. నాకు భాష తెలియదు గానీ ఆ గొంతు తెలుసు. గొట్టం తీసిన మనిషి మొదటి మాటలు అలాగే వస్తాయి. కోవిడ్ రోజుల్లో ఆ గొంతు కోసం మేం మంచాల పక్కన ఎంతగా కాచుకున్నామో. ఇంగ్లీషు మర్చిపోయి తెలుగులోనే అరిచాను.

"మీ నాన్నే. మాట్లాడుతున్నాడే, తీసుకో."

తెలుగు రాని పిల్లకి అది అర్థమైంది. ఫోన్ లాక్కుంది. అక్కడ మధ్యాహ్నమే గొట్టం తీశారట, సొంతంగా ఊపిరి తీసుకుంటున్నాడని తేలాక తమ్ముణ్ణి లోపలికి ఇప్పుడే రానిచ్చారట. ఏడుస్తూ, నవ్వుతూ వీడియో పెట్టి, బల్ల చూడు నాన్నా అన్నట్టు ఫోన్ అటు తిప్పింది. దండ సంగతి మర్చిపోయింది. నేనూ ఆఫీసరూ ఒకేసారి బల్ల మీదికి ఉరికాం. ఆయన చెయ్యి దండ దాకా వెళ్ళింది, అప్పటికే ఆలస్యమైంది.

పెద్దాయన తన ఫొటోని, దాని మీది దండని చూస్తున్నాడు. ఆ అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది దండ. కాసేపటికి ఆయన గసపోసుకుంటూ ఏదో అన్నాడు. ఈమె ఫక్కున నవ్వి, ఆపుకోలేక ఏడ్చి, మాకు ఇంగ్లీషులో చెప్పింది.

"దండ నాకూ వేశావు, మరి రొట్టె మీ అమ్మకొక్కదానికే పెట్టావేం అంటున్నాడు."

ఆఫీసరు మూల కుర్చీలో కూర్చుని చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. పాపం, తప్పు చేద్దామని చేసింది కాదు. నేను ఆ దండ తీసి నీళ్ళ గ్లాసు చుట్టూ పెట్టాను.

నెలాఖరుకి వీసా వచ్చింది. ప్రయాణమయ్యేటప్పుడు గుమ్మం దగ్గర ఆపి చెప్పాను, బతికున్నవాళ్ళకి దండ మెడలో వెయ్యాలే, ఫొటోకి కాదు. వెళ్ళిన మర్నాడే ఫొటో పంపింది. పెరట్లో కుర్చీలో పెద్దాయన, ఎముకల గూడులా ఉన్నాడు. మెడ నిండా బంతిదండ, చేతిలో సగం కొరికిన రొట్టె.

తిరిగొచ్చాక దానికి ఫ్రేము కట్టించి హాల్లో పెడదామంది. వద్దన్నాను. ఆయన ఉన్నన్నాళ్ళూ అది ఫోన్లోనే ఉండనీ అన్నాను.