ఒక తూటా, రెండు చప్పుళ్లు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, వానలు వెనకబట్టాక, నార్కట్‌పల్లి దగ్గర ఒక కంకర క్వారీలో నన్ను బ్లాస్టర్‌గా పెట్టుకున్నారు. అప్పటికి నాకు అరవై దగ్గర పడుతున్నది. అంతకుముందు దేవరకొండ వైపు బావుల్లో తూటాలు పేల్చాను, మహబూబ్‌నగర్ జిల్లాలో కాలువ పనుల మీద బండలు పగలగొట్టాను. బ్లాస్టర్ జీతంలో కూలీలను చూసుకునే మేట్‌కు కాస్త పైన, ఫోర్‌మన్‌కు కింద. అయితే పేలుడు మందు కూరడం మొదలైనప్పటి నుంచి, ఇక దిగవచ్చని చెప్పే రెండో సైరన్ మోగేదాకా క్వారీ గుంతలో మేనేజరైనా అతని మాట వినాలి. రూల్స్ పుస్తకంలో అట్లాగే ఉంది. ఆ పుస్తకం నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఏడో తరగతి దాటనివాణ్ణి. ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, డిక్షనరీ ఒక పక్క పెట్టుకుని మాట మాట విప్పుకుంటూ చదివి, రెండోసారి పరీక్షలో గట్టెక్కాను. అందుకే ఎవరైనా "గా రూల్స్ రాతలకే" అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పని తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. పొద్దున డ్రిల్లర్లు జాక్‌హామర్‌తో బండకు బొక్కలు వేస్తారు. అన్నాల వేళకు మొదటి సైరన్ మోగించి మనుషులందరినీ పైకి పంపి, ఒక్కో బొక్కలో తూటా, అంటే పేలుడు మందు పొట్లం, పెట్టి మట్టితో కూరుతాం. తూటాకు కేపు ఉంటుంది, అది మందును రగిలించే చిన్న గొట్టం. కేపుకు బత్తి ఉంటుంది, నిప్పు మోసుకుపోయే తాడు. బత్తులన్నీ ఒకే పొడుగు కోయం. ఒకదానికన్నా ఒకటి కొంచెం పొడుగు పెడితే తూటాలు ఒకదాని వెనక ఒకటి పేలుతాయి. ఇదంతా లెక్కపెట్టడానికే. తొమ్మిది కూరితే తొమ్మిది చప్పుళ్లు వినాలి. ఒకటి తగ్గినా, లెక్క మీద అనుమానం వచ్చినా, అరగంట దాకా ఎవరూ గుంతలోకి దిగకూడదు. ఆ తర్వాత బ్లాస్టర్ పోయి పేలని తూటాను వెతకాలి. దొరికితే పీకకూడదు. పక్కన కొంత దూరంలో ఇంకో బొక్క వేసి, దానితోపాటు దాన్నీ పేల్చాలి. డ్రిల్లర్ల ప్రాణాలు బ్లాస్టర్ చెవి మీద ఆధారపడి ఉంటాయంటే పెంచి చెప్పడం కాదు.

నా చెవులు రెండో ఎండాకాలంలో పాడైనాయి. పెద్ద బండ ఒకటి రోడ్డుకు అడ్డం దొర్లింది. దానికి బొక్క వేసి పేల్చడం పద్ధతి. మేనేజర్ రవీందర్ డ్రిల్లింగ్ దండుగ అన్నాడు, బండ మీదనే మందు పెట్టి మట్టి కప్పి పేల్చమన్నాడు. అట్లా పేల్చినప్పుడు చప్పుడు బండలోకి పోదు, గాలిలోకి వస్తుంది. పైగా ఆ బత్తి పాత సరుకు, చెమ్మ తగిలి ఎండింది. నేను ఇనుప రేకుల చాటుకు చేరీ చేరకముందే పేలింది. రేకులు నా తల చుట్టూ గంట కొట్టినట్టు మోగినాయి. అంతే, లోకం నిశ్శబ్దమైపోయింది.

కొన్నాళ్లకు వినికిడి తిరిగి వచ్చింది, కానీ అది నా వినికిడి కాదు. ఒక తూటా పేలితే నాకు రెండు వినపడేవి. ఎడమ చెవిలో ఒకటి, వెంట్రుకవాసి ఆగి కుడి చెవిలో ఇంకొకటి, అదీ కొంచెం బొంగురుగా. మనుషుల మాటలు డబ్బాలో నుంచి వచ్చినట్టుండేవి. స్టీలు గిన్నె మీద గరిటె తగిలితే పంటి నరంలో సూది దిగినట్టుండేది. రాత్రీ పగలూ చెవిలో కీచురాయి. బస్టాండుకు పోతే గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి.

మాది గొర్లూ మేకలూ ఉన్న ఇల్లు. నా భార్య యాదమ్మ మేకల మెడల గంటలు విప్పేసింది, గిన్నెల కింద పాత చీర పరిచింది. ఓపిక ఉన్న మనిషే, కానీ నోరు ఊరుకోదు. ఒకనాడు పక్కింటామెతో అంటున్నది: "చెవిటి మొగుడైతే ఒర్రుకుంట బతుకుదు అక్కా. ఈయనతోని గుసగుస పెట్టలేక నా గొంతు పోతాంది. అరవై ఏండ్లకు కొత్త పెండ్లికూతురి లెక్క మాట్లాడుతున్న." పక్కింటామె గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకు నేను చెవులు మూసుకున్నాను. అది చూసి యాదమ్మ కూడా నవ్వింది, వెంటనే కొంగుతో నోరు మూసుకున్నది.

నేను పొద్దస్తమానం చెవుల్లో దూది కుక్కుకునేవాణ్ణి. నల్గొండలో చెవి డాక్టరు ఆ దూది చూసి తప్పు పట్టాడు. ఇంట్లో ఊరికే ఉన్నప్పుడు కూడా మూసి పెడితే చెవి ఇంకా బెదురుతుందని, ఫ్యానో రేడియోనో సన్నగా నడుస్తుండనిచ్చి చెవిని మెల్లమెల్లగా అలవాటు చేయాలని, పేలుళ్ల దగ్గర మాత్రం గట్టి రక్షణ లేకుండా నిలబడొద్దని చెప్పాడు. గదిలో కూర్చోబెట్టి మిషన్‌తో పరీక్ష చేశాడు. సన్న చప్పుళ్లు వినపడితే చెయ్యి ఎత్తాలి. నాకు వినపడినాయి, ఎత్తాను. వయసుకు తగినట్టే ఉందని రిపోర్టు వచ్చింది. మరి నా నొప్పి సంగతేమిటని అడిగితే డాక్టరు దాచకుండా చెప్పాడు: ఆ పరీక్ష ఎంత చిన్న చప్పుడు వినపడుతుందో చెబుతుంది, వినపడింది ఎట్లా వినపడుతుందో చెప్పదు. ఆ మాటను రిపోర్టులో రాయమన్నాను. రాయడానికి అందులో జాగా లేదన్నాడు.

ఆ రిపోర్టు పట్టుకుని రవీందర్ దగ్గరికి పోయి, చప్పుళ్ల లెక్క ఇక నా చెవులతో కాదని చెప్పాను. అతను కాగితం చూసి, "మంచిగనే ఉన్నయి గద పెద్దాయనా. నాటకాలు వద్దు" అన్నాడు. బ్లాస్టర్ దొరకని కాలం అది. నన్ను వదులుకోవడం అతనికి కుదరదు, నన్ను నమ్మడం కూడా కుదరదు.

అందుకని నేనే ఒక పద్ధతి పెట్టాను. మేట్‌ను ఒక దిక్కు, డ్రిల్లర్ సైదులును ఇంకో దిక్కు నిలబెట్టి, ఎన్ని తూటాలు కూరితే అన్ని గులకరాళ్లు అంగీ జేబులో వేయించేవాణ్ణి. ఒక చప్పుడుకు ఒక రాయి కింద పడేయాలి. చివరికి ఇద్దరి జేబులూ ఖాళీ అయితేనే రెండో సైరన్. ఒక్క జేబులో రాయి మిగిలినా అరగంట. సైదులు కేతేపల్లి పిల్లగాడు, గొర్ల కాపర్ల ఇల్లు, నన్ను మామా అని పిలిచేవాడు. "మామా, ఇంట్ల గొర్లను లెక్కవెట్టి బేజారై ఈడికొస్తే నువ్వు రాళ్లు లెక్కవెట్టిస్తున్నవ్" అనేవాడు. టిప్పర్ డ్రైవర్లు మమ్మల్ని చూసి గోలీలాట అనేవాళ్లు. అననిచ్చాను.

హైవే పనికి కంకర తొందర పడిన రోజుల్లో ఒకనాడు మేట్ రాలేదు. రవీందర్ అతని బదులు కాటా దగ్గర గుమాస్తాను నిలబెట్టాడు. ఆరోజు కూరినవి తొమ్మిది తూటాలు. బత్తులు అంటించి చాటుకు వచ్చాను. పేలుళ్లు అయినాయి. గుమాస్తా చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే వచ్చి, జేబు ఖాళీ అన్నాడు. సైదులు జేబులో చెయ్యి పెట్టి ఒక రాయి తీసి నాకు చూపించాడు. నా చెవుల లెక్క నేను చెప్పలేదు. అవి చెప్పేది సాక్ష్యం కాదని నాకంటే ఎవరికి తెలుసు?

అరగంట అన్నాను. రవీందర్ ఆఫీసులో నుంచి దిగి వచ్చాడు. ఆఫీసులో కూర్చుని తనే తొమ్మిది లెక్కపెట్టాడట.

"నీకు ఇనరాకపోతే మాకు ఇనరాదా?"

"నాకు ఇనొస్తలేదని ఎవరన్నరు సార్? ఎక్కువ ఇనొస్తాంది. సైదులు జేబుల రాయి మిగిలింది. ఆగాలె."

"బండ్లన్నీ లైన్ల ఉన్నయి."

"ఉండనియ్యి."

అతను పోయి రెండో సైరన్ తనే మోగించాడు. డ్రిల్లర్లు లేచి నా దిక్కు చూశారు. దిగితే తూటా, దిగకపోతే రేపటి నుంచి పని లేదు. నేను ఎర్ర జెండా తీసుకుని గుంతలోకి దిగే దారి మధ్యన కూర్చున్నాను. ఆ దారి ఒక్కటే. ముందున్న టిప్పర్ నా మోకాళ్ల దాకా వచ్చి ఆగింది. రవీందర్ డ్రైవర్‌తో అన్న మాట నాకు స్పష్టంగా వినపడింది: "హారన్ కొట్టురా. లేస్తడు."

డ్రైవర్ ప్రెషర్ హారన్ మీద చెయ్యి వేసి తీయలేదు.

దాన్ని ఎట్లా వర్ణించాలో నాకు తెలియదు. చప్పుడులా లేదు. తలలో రంపం పెట్టి అటూ ఇటూ లాగుతున్నట్టుంది, ఒక రంపం కాదు, రెండు. తువ్వాల తలకు చుట్టుకుని, అరచేతులు చెవుల మీద అదిమి, ముందుకు వంగి వాంతి చేసుకున్నాను. లేవలేదు. ధైర్యం అనుకోవద్దు. లేస్తే బండి ముందుకు పోతుంది, బండి వెనక మనుషులు దిగుతారు. నాకు అదొక్కటే తెలుసు. ఎంతసేపు మోగిందో చెప్పలేను. సైదులు టిప్పర్ మెట్టు ఎక్కి డ్రైవర్ చెయ్యి పట్టి గుంజాడు. "ముసలోన్ని సంపుతవా? నీ బండి కింద పడ్డా నేను గుంతల దిగ" అన్నాడు. మిగతా డ్రిల్లర్లు కూడా కూర్చుండిపోయారు.

అరగంట దాటాక నేను దిగాను. తూర్పు మూలన కూలిన రాళ్ల కింద కాలని బత్తి ముక్క, దాని కింద నిండు తూటా. పక్కన బొక్క వేయించి పేల్చాను. రవీందర్ దగ్గరికి వచ్చి చూసి పోయాడు. సాయంత్రం దాకా నా పక్క నుంచి పోయిన ప్రతి మాటా నాకు వాతలాగే తగిలింది.

వారం తిరగకముందే నన్ను తీసేశారు. కారణం ఏమని చెప్పారో వినండి: చెవులు బాగాలేవు కాబట్టి బ్లాస్టింగ్‌కు పనికిరాడు. నేను మొత్తుకుని చెప్పినప్పుడు నా చెవులు బాగున్నాయి. బండ్లు ఆపినప్పుడు పాడైనాయి. రిపోర్టు అదే, చెవులూ అవే. నేను గేటు దాటుతుంటే సైదులు నాతో కాటా దాకా నడిచి వచ్చాడు. రాళ్ల లెక్క ఆపొద్దని చెప్పాను. ఆపం మామా అన్నాడు.

కొత్త బ్లాస్టర్ కుర్రవాడు. రవీందర్ ఎట్లా అంటే అట్లా. గులకరాళ్లు వారంలోనే పోయినాయని తర్వాత తెలిసింది. డ్రిల్లర్లకు ఒక అలవాటు ఉంటుంది, చెడ్డది. పేలుడు అయ్యాక పాత బొక్క అడుగు బండలో మిగిలితే అందులోనే కొత్త డ్రిల్ మొదలుపెడతారు. నున్నటి బండ మీద మొన జారుతుంది, పాత బొక్కలో కుదురుగా కూర్చుంటుంది, చేతులకు అదురు తగ్గుతుంది. పుస్తకంలో అది నిషేధం. నేనున్నప్పుడు పాత బొక్కల్లో కట్టె ముక్కలు దిగ్గొట్టించేవాణ్ణి. ఆ చలికాలంలో సైదులు ఒక పాత బొక్కలో జాక్‌హామర్ పెట్టాడు. అందులో ముందు రోజు పేలని తూటా ఉంది.

ప్రాణం దక్కింది. ఒక కన్ను పోయింది, కుడిచేతి వేళ్లు రెండు పోయినాయి. విచారణకు వచ్చినవారు డ్రిల్లర్ అజాగ్రత్త అని రాసి పోయారు. పాత బొక్కలో డ్రిల్ పెట్టడం తప్పే, కాదనను. ముందు రోజు చప్పుళ్లు ఎవరు లెక్కపెట్టారని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేను పిలవకుండానే పోయి చెప్పబోతే, పనిలో లేని మనిషి సాక్ష్యం చెల్లదన్నారు.

సైదులు దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక, నేను కేతేపల్లి పోయి అతన్ని చూశాను. కిటికీ మూసి, తలకు దుప్పటి చుట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య చెంబు కింద పెట్టింది. చిన్న చప్పుడే, అతను భుజాలు దగ్గరికి గుంజుకున్నాడు. నాకు అర్థమైంది.

"రెండు రెండు ఇనొస్తున్నయా?" అని మెల్లగా అడిగాను.

తల ఊపాడు. "నాటకం అనుకున్న మామా. రాళ్లు ఏసిన గని, నీ చెవి నొప్పి మాత్రం నాటకమే అనుకున్న" అన్నాడు.

"అందరు అట్లనే అనుకున్నరు. కనవడది గద" అన్నాను.

అతని భార్యకు నాకు తెలిసినంత చెప్పాను. దుప్పటి తీయించు. ఇంట్లో చెవులు మూయనియ్యకు, ఫ్యాన్ సన్నగా తిరగనియ్యి. డీజే ఉన్న పెండ్లికి, జాతరకు తీసుకపోకు, అలిగినా ఫికర్ చేయకు. డాక్టరు మిషన్ మంచిగుందంటే నమ్ము, ఈయన నొప్పి అంటే అదీ నమ్ము. రెండూ నిజమే. పూర్తిగా తగ్గుతుందా అని ఆమె అడిగింది. నాకు కొంత తగ్గింది, పూర్తిగా తగ్గలేదు అని ఉన్నమాట చెప్పాను.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది పనిలో ఉన్నవాళ్లకు చెప్పదగినదే. ఎవరికి అనుమానం వచ్చినా పేలని తూటా ఉన్నట్టే నడుచుకోవాలి, ఆ అనుమానం చెవులు పాడైనవాడిదైనా సరే. పుస్తకం ఈ మాట ముందే చెప్పింది. అనుమానం వచ్చిందని చెప్పినవాణ్ణి పనిలో ఎవరు నిలబెడతారో మాత్రం చెప్పలేదు. క్వారీలో అతన్ని నిలబెట్టగలిగేవాళ్లు డ్రిల్లర్లే, అది కూడా ఒకరోజు పని ఆపి కూర్చుంటే సరిపోదు. నన్ను తీసేసిన మరునాడు కూడా వాళ్లు కూర్చోవలసింది.