మా చెల్లికి వేయించని సూది

నా చిన్నప్పుడు గాలివాన మా పేటను ఊడ్చిపెట్టేసింది. భీమునిపట్నం దగ్గర సముద్రం ఒడ్డున తాటాకు ఇళ్ళు మావి. గుంజలు కూడా మిగల్లేదు. అందరినీ తీసుకొచ్చి బడిలో పెట్టారు. అమ్మానాన్నలు పొద్దస్తమానం వలలు వెతుక్కుంటూ ఒడ్డునే ఉండేవారు. నన్నూ, అప్పుడప్పుడే మాటలు నేరుస్తున్న మా చెల్లినీ నాయనమ్మే చూసుకునేది. నాకైతే బడంతా తిరునాళ్ళలా ఉండేది, పిల్లబుద్ధి కదా!

కొన్నాళ్ళకే పిల్లలకు తట్టు తగులుకుంది. మావాళ్ళు ఆ మాట అనరు, అమ్మవారు వచ్చిందంటారు. ఆవిడ ఉన్నచోట పోపు వేయకూడదు, తగ్గి నీళ్ళు పోసేదాకా ఎవరికీ సూది తగలకూడదు. మా గదిలో ఒక పిల్లాడికి ఒళ్ళంతా పేలిన రోజే టీకాలవాళ్ళు ఐసు పెట్టె పట్టుకుని వచ్చారు. చెల్లికి అప్పటికింకా ఏమీ లేదు, నా జడ పీకి నవ్వుతోంది. నాయనమ్మ దాన్ని కొంగులో చుట్టేసి, నన్ను వెనక్కి తోసేసి, "మా పిల్లలకొద్దు బాబూ, ఈ గదిలో అమ్మోరున్నాది" అంది. వాళ్ళు ఎంత బతిమాలినా వినలేదు.

తరవాత చెల్లికీ వచ్చింది. ఆపైన దగ్గు, ఎగశ్వాస. రోడ్డు నిండా పడిపోయిన చెట్లే, బస్సులు లేవు. నాన్న దాన్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచాడు. సగం దారిలోనే వెనక్కి వచ్చేశాడు. ఇంతకంటే చెప్పలేనమ్మా.

టీకాలవాళ్ళు మళ్ళీ వచ్చి వరండాలో కూర్చున్నారు. ఏ తల్లీ పిల్లను బయటికి తేలేదు. మేము మైలలో ఉన్నాం, ఎవరి గడపా తొక్కకూడదు. అయినా నాయనమ్మ లేచింది. ముందు నన్ను లాక్కెళ్ళి సూది వేయించింది. తరవాత ఆ విరబోసుకున్న జుట్టుతోనే పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

"అత్తా, మైల్లో ఉండి లోపలికొచ్చీసినావేటి?" అని ఒక పిల్లతల్లి కేకేసింది.

"వొచ్చీసినాను. అమ్మోరికి కోపమొస్తే నా మీదకే రమ్మను. నాను కొంగులో దాసినాను కదే పిల్లని! ఏటి మిగిలింది? కొంగే మిగిలింది. నువ్వు దాయకే తల్లీ, ఇలా తే."

నాయనమ్మే ఆ పిల్లను ఎత్తుకుని వరండాలోకి నడిచింది. అలా ప్రతి గదికీ వెళ్ళింది, ప్రతి గుమ్మంలోనూ అదే చెప్పుకుంది. చివరికి వరండా అంతా పసివాళ్ళ ఏడుపులే. అప్పుడు కూలబడి గుండెలు బాదుకుంది.

కడుపుకోతను కడుపులోనే దాచుకోమంటుంది లోకం. మా నాయనమ్మ పరాయి పిల్లల కోసం దాన్ని గదిగదికీ మోసింది. నేనిప్పుడు కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. టీకాల రోజున వద్దని మొరాయించే ఇంటికి వెళ్ళి కూర్చుని మా చెల్లి కథ చెబుతాను. చాదస్తం ముసలమ్మనుకుంటే అనుకోనీ. సూది పడగానే పసివాళ్ళు గుక్కపట్టి ఏడుస్తారు చూడండి, ఆ ఏడుపు వింటే నా ప్రాణం కుదుటపడుతుంది. మా చెల్లి చేత ఆ ఒక్క ఏడుపూ ఏడిపించలేకపోయాం.