ఒంటిగంట నుంచి మూడు దాకా ఖాళీ

మొన్న వేసవిలో మా అమ్మాయికి రక్తంలో ఐరన్ తక్కువని రిపోర్టు వచ్చింది. దానికి నాలుగేళ్లు. భిలాయి లాంటి ఉక్కు ఊళ్లో ఉంటూ ఇనుము తక్కువేమిటన్న జోకు డాక్టరమ్మ వేసింది, మా ఆయన వేశాడు, ఇంటికి తీసుకొచ్చిన ఆటో భయ్యా కూడా వేశాడు. నేను వెయ్యలేదు. ప్లాంటు లాబొరేటరీలో నా ఉద్యోగమే ఖనిజంలో ఇనుము ఎంతుందో తేల్చడం. డ్యూటీ సంగతులు ఇంటికి తెచ్చుకోకూడదని నా నియమం.

భయపడాల్సిందేమీ లేదంది డాక్టరమ్మ. పిల్ల పాలూ బిస్కెట్లూ తప్ప ఏదీ ముట్టడం లేదు కాబట్టి బిస్కెట్లు మానిపించి, పాలు ఒక్క గ్లాసుకి దించి, ఆకుకూరలు, నువ్వులు, బెల్లం, చోళ్లు అంటే రాగులు పెట్టమంది. నెల తర్వాత మళ్లీ చూసి, అప్పటికీ పెరక్కపోతే మందు రాస్తానంది.

భయపడే పని మా అత్త తీసుకుంది. మావయ్య రైల్వేలో రిటైరయ్యాక వాళ్లు భిలాయి-3లో సొంతిల్లు కట్టుకున్నారు. వెనక పెరట్లో మునగచెట్టు ఉంది. ఫోనెత్తేసరికే అత్త ఏడుస్తోంది. ఇంకా రిపోర్టు చదవలేదు, హలో మాత్రమే అన్నాను.

"నెల సూద్దుం," అంది చివరికి ముక్కు తుడుచుకుని. "అప్పటికీ రగతం పెరక్కపోతే గుంటని నాను అట్టుకెల్లిపోతాను. బడి తెరిసేదాకా నా కాడే ఉంతాది. నీకూ డూటీ, ఆడికీ డూటీ. మీ ఇద్దరి మజ్జిన అది ఎండిపోతంది."

భిలాయి-3 అంటే ద్వీపాంతరం కాదు. పవర్ హౌస్ దగ్గర ఆటో మారితే అరగంట. కానీ షిఫ్టు డ్యూటీల్లో మేమిద్దరం వీక్లీ ఆఫ్ నాడే వెళ్లగలం. అంటే నా కూతుర్ని నేను వారానికోసారి చుట్టపుచూపుగా చూడాలి. సరే అత్తా, చూద్దాం అని తేలిగ్గానే అని, బాత్రూములోకి వెళ్లి, ఏడిస్తే వినపడకుండా కుళాయి తిప్పాను. మేముండే సెక్టర్ 7లో ఆ వేళకి నీళ్లు రావు. కుళాయి గుర్రుమని ఊరుకుంది. ఏడుపు కూడా వాయిదా పడింది.

మర్నాటి నుంచి మా క్వార్టర్లో ప్రకృతి జీవనం మొదలైంది. బిస్కెట్ల డబ్బా ఖాళీ చేశాను, అంటే నేనే తినేశాను. పవర్ హౌస్ బజారు నుంచి చోడిపిండి, నల్ల నువ్వులు, నల్లబెల్లం మోసుకొచ్చాను. ఫోన్లో వీడియోలు చూశాను. ఆ వీడియోల్లో తల్లులు చెక్క గిన్నెల్లో వడ్డిస్తుంటే పిల్లలు బీట్‌రూట్ ముక్కలు నవ్వుతూ నములుతారు. ఆ తల్లులెవరూ ఆరింటికి ప్లాంటులో హాజరు వేయించుకోవాల్సిన వాళ్లలా లేరు.

ఆ నెలకి ఇద్దరం పై అధికారుల్ని బతిమాలుకుని నేను మొదటి షిఫ్టు, మా ఆయన రెండో షిఫ్టు వేయించుకున్నాం. పిల్ల ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలో ఉండాలని లెక్క. ప్లాంటులో దిగే షిఫ్టు వాళ్లు యంత్రం ఎలా ఉందో రిజిస్టర్లో రాస్తారు, ఎక్కే షిఫ్టు వాళ్లు చదివి సంతకం పెట్టాకే పని మొదలుపెడతారు. మా ఆయన అదే పద్ధతి కూతురికీ పెట్టాడు. ఫ్రిజ్ మీద నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. టైము, పదార్థం, పరిమాణం, రిమార్కులు, సంతకం అని గళ్లు కూడా గీశాడు. పెళ్లిచూపుల్లో ఈ మనిషి ఇంత ఏకాగ్రతగా నన్నయినా చూడలేదు.

మొదటి వారం పుస్తకం ఇలా ఉంది, పొద్దుటి రాత ఆయనది.

ఉదయం 7:30. చోడి జావ. మూడు చెంచాలు. నాలుగోది నా చొక్కా మీద.

9:00. పాలకూర పప్పన్నం. ఒక ముద్ద. నోట్లో ఉంది.

9:40. అదే ముద్ద. ఇంకా నోట్లోనే ఉంది.

సాయంత్రం 5:00, నా చేతిరాత. నువ్వులుండ ఒకటి. బెల్లం నాకేసి నువ్వులు తిరిగిచ్చింది.

పాటలు పాడాం. ముద్దని రైలు చేశాం, కాకిని చేశాం. నేను ఆకుకూర తిన్న కుందేలులా గెంతుతుంటే కూతురు నన్ను జాలిగా చూసి, "మమ్మీ, థక్ జాఓగీ," అంది. అలిసిపోతానని దాని దిగులు. నోరు మాత్రం తెరవలేదు.

ఎంత లెక్కేసినా మధ్యలో ఒక ఖాళీ మిగిలింది. ఆయన ఒకటింపావుకి బయల్దేరాలి, నేను ఇల్లు చేరేసరికి పావుతక్కువ మూడు. రిలీవరు రాకుండా సీటు వదలడం ప్లాంటులో పెద్ద నేరం, మా ఇంట్లో రోజూ జరిగేది. ఆ గంటన్నరా కింది క్వార్టర్లో ఉండే దీదీ పిల్లని చూసుకునేది. వాళ్లది దుర్గ్ పక్క పల్లె, ఆవిడకీ ఇద్దరు పిల్లలు. శ్రమ పెట్టకూడదని, మాది తినేసే వస్తుంది, ఊరికే ఓ కన్నేసి ఉంచితే చాలని ముందే చెప్పాను. కాబట్టి పుస్తకంలో ఆ గడిలో రోజూ ఒక గీత. పైకి తెచ్చేటప్పుడు పిల్ల దగ్గర ఉల్లిపాయ వాసన వచ్చేది. పిల్లలు వంటింట్లో ఆడుకుంటున్నారు కాబోలనుకున్నాను.

మూడో వారంలో అత్త తనిఖీకి వచ్చింది. మా ఆయన పిల్లని కింద దింపి, తల్లికి తాళం ఇచ్చి డ్యూటీకి పారిపోయాడు. నేను వచ్చేసరికి గుమ్మం పక్కన పిల్ల గౌన్లు సర్దిన సంచి ఉంది. అత్త కళ్లజోడు పెట్టుకుని నోటు పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుతోంది. పిల్లని ఇంకా పిలవనే లేదు. సాక్ష్యాలు ముందు, ముద్దాయి తర్వాత.

"ఒక్క ముద్ద నలబై నిమసాలు నోట్లో ఎట్టుకుందా," అంది. "ఇది నోరేటి, బేంకు లాకరా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తప్ప చేసేదేముంది, కింద నా సంతకం ఉంది.

"నెలయ్యేదాకా ఎందుకమ్మా, ఇందులోనే ఉంది కదా. ఇంద, ఈ ఒంటిగంట నుంచి మూడు దాకా గీత గీసి వదిలేసినారేటి? అప్పుడేటి తింతాది?"

కింద దీదీ దగ్గర ఉంటుందన్నాను.

"ఉంతాది సరే. ఏటి తింతాది?"

రాయిలో ఇనుమెంతుందో రెండో దశాంశం దాకా చెప్పగలను. కూతురు రోజూ గంటన్నర సేపు ఏం చేస్తుందో నాకు తెలీదు. పదండి, చూద్దాం అన్నాను.

దీదీ వాళ్ల వెనక వరండాలో ముగ్గురు పిల్లలు నేల మీద వరసగా కూర్చున్నారు. ముగ్గురి ముందూ స్టీలు గిన్నెలు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచుతారు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు బాసీ అంటారు, ఎండాకాలం వాళ్లకి అదే మధ్యాహ్న భోజనం. పక్కన ఎర్ర తోటకూర వేపుడు, పచ్చి ఉల్లిపాయ. మా అమ్మాయి తోటకూర పిడికెడు తీసి నోట్లో కుక్కుకుంది. ఉల్లిపాయ కరకరా కొరికింది. రెండు చేతులతో గిన్నె ఎత్తి నీళ్లు తాగి, గడ్డం మోచేత్తో తుడుచుకుంది. దీదీ అటు తిరిగి బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. దాన్ని ఎవరూ చూడటం లేదు.

మమ్మల్ని చూడగానే అలవాటు కొద్దీ మూతి బిగించింది. కుందేలు గెంతుతుందేమో అని ఒక క్షణం ఆగింది. మేం కదలకపోయేసరికి దీదీ వైపు తిరిగి, "ఔర్ భాజీ," అని ఇంకాస్త తోటకూరకి గిన్నె చాపింది.

దీదీ కంగారు పడింది. పరాయి పిల్లకి బాసీ పెడతామా, వచ్చిన మొదటి రోజే తనంతట తనే వచ్చి మా వాళ్ల పక్కన కూర్చుంది, మీకు తెలుసనుకున్నాను, తప్పయితే మానేస్తాను అని హిందీలో చెప్పుకుపోతోంది. నేను అత్త వైపు చూడలేదు. రక్తం లేని మనవరాలికి రాత్రి అన్నం. ఇక అత్త పెట్టే ఏడుపు భిలాయి-3 దాకా వినిపిస్తుందనుకున్నాను.

అత్త మెట్టు మీద కూర్చుంది. మనవరాలి గిన్నెలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

"తరవాణి," అంది మెల్లిగా. "ఒలమ్మ, ఇది మా తరవాణన్నమే. మాయమ్మ ఇదెట్టే మమ్మల్ని పెంచింది."

అత్త కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు రైల్వే క్వార్టర్లో హిందీవాళ్లు చూస్తే నవ్వుతారని తలుపేసుకుని తినేదట. తర్వాత అదీ మానేసిందట. పక్క గోడ అవతల వాళ్లు కూడా తలుపేసుకుని ఇదే తినేవారేమో, ఎవరికి తెలుసు అన్నాను. దానికి అత్త నవ్వలేదు. దీదీ ఇంకో గిన్నె తెచ్చి పెట్టింది. అత్త ఉల్లిపాయ కొరికి, మనవరాలి పక్కన, మనవరాలి లాగే, మాట్లాడకుండా తింది. నేను డ్యూటీ బట్టల్లో, ఖాళీ టిఫిను డబ్బాతో నిలబడ్డాను. నన్నెవరూ తినమనలేదు.

మెట్లెక్కుతూ అంది. "గుంట తింటన్నాదమ్మా. మీరిద్దరూ దాని నోట్లోకి తొంగిసూడ్డం మానీయండి."

సంచి మాత్రం విప్పలేదు. రిపోర్టు వచ్చాక చూద్దామంది. తొమ్మిది రోజులు ఆ సంచి గుమ్మం పక్కనే ఉంది. డ్యూటీకి వెళ్తుంటే ఒకసారి, వస్తుంటే ఒకసారి నా కాలికి తగిలేది.

రిపోర్టు వచ్చింది. పెరిగింది. ఎగిరి గంతేసేంత కాదు గానీ మందు అక్కర్లేనంత. ఏం పెట్టారని డాక్టరమ్మ అడిగితే జాబితా అంతా చెప్పి, చివర్న బాసీ అన్నాను. అలాగే కానివ్వండి అంది. మా ఆయన పుస్తకం వల్లే అన్నాడు. అత్త తను పంపిన మునగాకు పొడి వల్లే అంది, అది ఎనిమిదో తారీఖున గోడకి తగిలినట్టు పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో ఏ లాబొరేటరీ చెప్పలేదు.

ఆ ఆదివారం అత్త వచ్చి తన చేత్తోనే సంచి విప్పింది. గౌన్ల అడుగున బిస్కెట్ల పొట్లం ఉంది. నేను దాన్ని చూశాను, ఆవిడ నన్ను చూసింది.

"దారిలో ఏడిస్తే," అంది.

తర్వాత ఫ్రిజ్ దగ్గరికెళ్లి, దారం లాగి పెన్ను పట్టుకుని, గీత ఉండే గడిలో తన గుండ్రటి అక్షరాలతో రాసింది. ఒంటిగంట నుంచి మూడు దాకా. కింద. తింతాది. ఎవులూ సూడొద్దు. పరిమాణం గడి ఖాళీగానే వదిలేసి సంతకం పెట్టింది.

ఎక్కే షిఫ్టు నాది. చదివి, కింద నేనూ పెట్టాను.