కుప్ప, రాశి, మా తెలుగు సారు

తాడ్వాయి రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోశారు. బస్సు కిటికీలోంచి ఆ దుమ్ము ముక్కుకు తగలగానే తుమ్మాను. వెంటనే ఎల్లారెడ్డి బడిలో మాకు తెలుగు చెప్పిన సారు గుర్తొచ్చారు. పాపం, ఆయనకూ వడ్ల దుమ్ము పడేది కాదు.

సారుకు మాటల పిచ్చి. ఒకరోజు ‘కుప్ప’ను పట్టుకున్నారు. తమిళంలో దాదాపు ఇదే మాటకు చెత్త అని అర్థమట. మనం మాత్రం చెత్తకూ వాడతాం, వరికీ వాడతాం. మద్నూరు వైపు మరాఠీవాళ్లు వడ్ల పోగును ‘రాస్’ అంటారు, అది సంస్కృతపు ‘రాశి’ నుంచి వచ్చింది. “కుప్పన్నా రాశన్నా ఒకటే” అని తేల్చేశారు. నేనూ బుద్ధిగా రాసుకున్నాను.

పదో తరగతి సగంలో, దసరా సెలవులు కాగానే, మా అవ్వ నన్ను బడి మాన్పించింది. అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టాలి. మా ఇంట్లో అవ్వ మాటంటే మాటే. నేను ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాను.

నెల తర్వాత సారు వెతుక్కుంటూ మా కల్లం దగ్గరికి వచ్చారు. అవ్వను మంచి చేసుకోవాలనుకున్నారు కాబోలు, నేరుగా వడ్ల దగ్గరికి నడిచి, “కుప్ప మంచిగ పడ్డది అవ్వా” అన్నారు.

“సారూ, చెప్పులు గాడనే ఇడువుండ్రి. గది కుప్ప గాదు, రాశి.”

“రెండూ ఒకటే గదా?”

“ఎట్ల ఒకటైతది? కోసి పేరిస్తె కుప్ప. తొక్కిచ్చి, తూర్పార పట్టినంక రాశి. రాశి కాడికి చెప్పులతోని ఎవలన్న వస్తరా?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఇక నా చదువు గంగలో కలిసినట్టే అనుకున్నాను. సారు చెప్పులు విప్పి, పక్కన గడ్డి మీద కూర్చుని, జేబులోంచి చిన్న పుస్తకం తీశారు.

“నాకు తెల్వదు అవ్వా. పిల్లలకు తప్పు చెప్పిన. మళ్లొకసారి చెప్పు, రాసుకుంట.”

అవ్వ చాట కింద పెట్టి, ఓపిగ్గా మొదటి నుంచి చెప్పింది. ఆయన తుమ్ముతూనే రాసుకున్నారు. నా చదువు ఊసే ఎత్తకుండా లేచారు. అవ్వే ఆపింది.

“రేపటికెల్లి పిల్లను తోలిస్త సారూ. తెల్వదని ఒప్పుకునేటోని కాడ సదువుకుంటె నష్టం లేదు.”

మర్నాడు తరగతిలో ఆయన మొదట చేసిన పని తన తప్పు దిద్దుకోవడం.

ఇప్పుడు కామారెడ్డిలో నేనూ పాఠాలు చెబుతున్నాను. తప్పు చెప్పానని పిల్లల ముందు ఒప్పుకోవాలంటే నాకిప్పటికీ కష్టమే. అయినా ఒప్పుకుంటాను. ఆయన ఆ రోజు సిగ్గుపడి ఊరుకుని ఉంటే, ఈ చేతులు ఇంకా బీడీలే చుడుతుండేవి.