కమాన్ల మేస్త్రీ నోటికి రాని మాట

ముప్ఫై ఏళ్ళు ఆ వీధి చివరి షెడ్డులో ఆయన చేసిన పని ఒక్కటే. లారీల కిందా జీపుల కిందా బరువు మోసే కమాన్ కట్టలు విప్పడం, విరిగిన పట్టీ తీసి కొత్తది వేసి బిగించడం. అందుకే ఊరందరికీ ఆయన కమాన్ల మేస్త్రీ. ఆయన్ని అసలు పేరుతో తలుచుకునేది ఓటర్ల జాబితా ఒక్కటేనని భార్య నవ్వేది.

రోడ్డు వదిలేసి కొండదారుల్లో, వాగుల్లో జీపులు తోలే సరదా జనానికి పట్టుకున్నాక షెడ్డుకి కొత్తరకం మనుషులు రావడం మొదలైంది. కొత్త బండి, ఫోన్లో పొడుగాటి చిట్టా. పెద్ద టైర్లు, ఎత్తు స్ప్రింగులు, ఇనప బంపరు, నెత్తి మీద వరసగా లైట్లు. మేస్త్రీ ఆ చిట్టా వైపు చూసేవాడు కాదు.

"బండి కొని ఎన్నాళ్ళయింది?"

"పదిహేను రోజులండీ."

"అయితే ఆర్నెల్లాగి రా. ఉన్న బండిని ఉన్నట్టే మట్టిలో నడుపు. ఎక్కడ కూరుకుపోతుందో, ఎక్కడ కింద తగుల్తుందో అదే చెప్తుంది. అప్పుడు అది అడిగింది పెడదాం. నువ్వడిగింది కాదు."

సగం మంది మొహం మాడ్చుకుని వేరే షాపుకి పోయేవారు. ఆగినవాళ్ళకి వరస చెప్పేవాడు. ముందు మంచి టైర్లు. తర్వాత ముందూ వెనకా లాగడానికి కొక్కేలు, ఎందుకంటే ఇరుక్కోవడం ఖాయం. ఆ తర్వాత ఇంజను కింద గట్టి రేకు. ఎత్తు పెంచడం అన్నిటికన్నా చివర.

"స్ప్రింగు మార్చి చేతులు దులుపుకుంటే కుదరదు నాయనా. దానికి చుట్టాలెక్కువ. బ్రేకు గొట్టం, షాఫ్టు, స్టీరింగు రాడ్లు. ఒక్కర్ని పలకరించకపోయినా అలుగుతారు."

ఈ మాటలు బుద్ధిగా చెవిన పెట్టినవాడు ఒక పళ్ళ డాక్టరు. ఎవరి దగ్గరో పాత జీపు కొన్నాడు. ఆరు నెలలాగమంటే ఎనిమిది నెలలాగాడు. టైర్లూ కొక్కేలూ రేకూ మేస్త్రీ చేతే వేయించుకున్నాడు. ఇక మిగిలింది ఎత్తు.

అంతలో ఒక ఉదయం మేస్త్రీ చేతిలోంచి స్పానరు జారింది. తీసుకుందామని వంగి అక్కడే ఒరిగిపోయాడు. పక్షవాతం.

కొన్నాళ్ళకి కాలు కాస్త కోలుకుంది. కుడి చెయ్యి సగమే తిరిగొచ్చింది. మాట మాత్రం పాడైపోయింది. గొంతు ఉంది, నాలుక కదులుతుంది, కానీ అనుకున్న మాట ఒకటి, బయటికొచ్చేది ఇంకొకటి. కాఫీ కావాలనుకుంటే దువ్వెన అనేవాడు. తప్పు పలికానని ఆయనకే తెలిసేది, మొహం ఎర్రబడేది. రాద్దామంటే అక్షరాలూ మొరాయించాయి. "అంతా తెలుస్తూనే ఉంటుందమ్మా ఆయనకి. బయటికొచ్చే దారే మూసుకుపోయింది" అన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఆ మాట విన్నాక మేస్త్రీ భార్యకి ఊరటకి బదులు గుండె మరింత బరువెక్కింది.

షెడ్డు మూతబడింది. షెడ్డు వెనకే ఇల్లు. పొద్దున్నే మేస్త్రీని తెచ్చి షట్టరు ముందు కుర్చీలో కూచోబెట్టేది భార్య.

ఏడాది గడిచాక ఒక రోజు పది గంటల వేళ పళ్ళ డాక్టరు జీపేసుకుని వచ్చాడు. పక్క సీట్లో ఆయన భార్య, వెనక సీటు నిండా సంచులు. జీపు మునుపటికన్నా ఎత్తుగా ఉంది.

"మేస్త్రీ గారూ! మీరు కోలుకుంటారని చూశాను, ఇంక ఆగలేక వేరేచోట చేయించేశాను. ఏమీ అనుకోకండి. రెండ్రోజులు కొండల్లోకి పోతున్నాం, మీకు చూపించకుండా వెళ్ళబుద్ధి కాలేదు."

మేస్త్రీ గోడ పట్టుకుని లేచాడు. ముందు చక్రం దగ్గర వంగి లోపలికి చూశాడు. చట్రం నుంచి చక్రానికి వెళ్ళే రబ్బరు బ్రేకు గొట్టం పాతదే. కొత్త స్ప్రింగులు బండిని మూడంగుళాలు పైకి లేపాయి, గొట్టం మాత్రం అప్పటి పొడుగే. నేల మీద నిలబడి ఉండగా కాస్త వదులుగానే కనిపిస్తుంది. చక్రం గుంటలోకి దిగి వేలాడిందంటే తాడులా బిగుసుకుంటుంది. నాలుగుసార్లు అలా బిగుసుకుంటే తెగుతుంది.

ఆయన తల తిప్పి డాక్టరు వైపు చూశాడు. నోరు తెరిచాడు.

"నీళ్ళు" అన్నాడు.

"నీళ్ళా? తెస్తానుండండి" అని భార్య లోపలికి పరిగెత్తి గ్లాసుతో వచ్చింది. ఆయన ఎడం చేత్తో గ్లాసుని పక్కకి తోసేశాడు. నీళ్ళు ఆవిడ చీర మీద ఒలికాయి.

"నీళ్ళు. కాదు. నీళ్ళు."

"కంగారు పడకండి మేస్త్రీ గారూ" అన్నాడు డాక్టరు, పక్కన గొంతుక్కూచుని. "నోట్లో పరికరాలు పెట్టుకుని మాట్లాడేవాళ్ళ మాటే రోజూ నాకు అర్థమవుతుంది. మీది అర్థం కాదా? నెమ్మదిగా చెప్పండి."

మేస్త్రీ చక్రం కిందికి వేలు చూపించాడు. డాక్టరు తల పెట్టి చూశాడు. పచ్చరంగు కొత్త స్ప్రింగు మిలమిలా మెరుస్తోంది.

"స్ప్రింగేగా? మంచిదే వేశారు."

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. కణతలు ఉబ్బాయి. ఎక్కణ్ణుంచో ఒక మాట, సరైన మాటే, ఊడిపడింది.

"ఎత్తు."

"అవునండీ, ఎత్తే! మూడంగుళాలు!"

"ఎత్తు! ఎత్తు!" జాకీ పెట్టి బండిని ఎత్తి, చక్రాన్ని వేలాడదీసి చూడమని ఆయన గోల. చేత్తో గాలిలో పైకి లేపి చూపిస్తున్నాడు.

"చూశావా, ఎత్తు బాగా కుదిరిందంటున్నారు" అని డాక్టరు భార్యతో సంబరంగా అన్నాడు. మేస్త్రీ బానెట్టు మీద అరచేత్తో దబదబా కొట్టాడు. తన దగ్గర చేయించలేదని కోపమొచ్చినట్టుందని డాక్టరు నొచ్చుకున్నాడు. "వచ్చాక తీరిగ్గా కూచుంటాను" అని చేతులు జోడించి ఎక్కాడు. రెండడుగులు వేసి జీపుకి అడ్డంగా నిలబడబోయాడు మేస్త్రీ. కాలు మాట వినలేదు. భార్య వచ్చి భుజం పట్టుకుంది.

"ఏమండీ, అలా చేస్తే ఏమనుకుంటారు చెప్పండి?"

జీపు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాకా ఆయన ముద్ద ముట్టలేదు. ఆవిడ వంట చేసుకుంటుంటే వంటగదిలోకి వచ్చి, స్టవ్వు అంచు పట్టుకుని ఇవతలికి లాగడం మొదలెట్టాడు. సిలిండరు నుంచి స్టవ్వుకి వచ్చే రబ్బరు గొట్టం సాగి సాగి బిగుసుకుంది.

"అయ్యో, ఊడొస్తుంది! వదలండి, ఏం పిచ్చి ఇది!"

ఆయన వదలలేదు. బిగిసిన గొట్టం మీద వేలుతో మీటి, వీధి వైపు చూపించాడు. మళ్ళీ మీటాడు. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఆ షెడ్డు మాటలు వింటూ అన్నం వండిన మనిషి.

"గొట్టం చాల్లేదా? బ్రేకు గొట్టమా?"

మేస్త్రీ స్టవ్వు వదిలేసి అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసింది. అందుబాటులో లేరంది ఫోను. మళ్ళీ చేసింది. క్లినిక్కుకి చేస్తే, "ఆ కొండల్లో సిగ్నలుండదమ్మా, ఎల్లుండొస్తారు" అన్నారు. వాళ్ళకైనా ఏ దారిన వెళ్ళారో తెలియదు. సాయంత్రం దాకా ఆవిడ చేస్తూనే ఉంది, ఆయన ఎదురుగా కూచుని ఫోన్నే చూస్తూ ఉన్నాడు.

మర్నాడు కబురొచ్చింది. రాళ్ళ దిగుడులో ముందు చక్రం గుంటలో పడిందట. గొట్టం తెగి, ఆపైన బ్రేకు తొక్కితే కాలు అడుగుదాకా పోయిందట. డాక్టరు బండిని గట్టుకేసి గుద్దించి ఆపబోతే పక్కకి పడిపోయింది. ఆయనకి గీతలతో పోయింది. ఆయన భార్యకి తుంటి విరిగింది.

రెండు నెలల తర్వాత డాక్టరు ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. మేస్త్రీ ఎదురుగా కూచున్నాడు.

"అమ్మా, ఆ రోజు మీ నంబరు నుంచి పదిహేడు ఫోన్లున్నాయి. ఎందుకు చేశారు?"

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. అయినా అబద్ధం చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. స్టవ్వు సంగతంతా చెప్పింది.

డాక్టరు మేస్త్రీ వైపు తిరిగాడు. "అంటే ఎత్తు అన్నది... జాకీ పెట్టి ఎత్తమనా?"

మేస్త్రీ ముందుకి వంగి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తప్పు నీది కాదు, గొట్టం చూసుకోకుండా బిగించినవాడిది, చెప్పలేకపోయిన నాది అని చెప్పాలి. పెదాలు రెండుమూడుసార్లు ఆడాయి.

"బాగుంది" అన్నాడు. "బాగుంది, బాగుంది."

తన నోటి నుంచి వచ్చిందేమిటో విని ఆయనే బిత్తరపోయాడు. డాక్టరు తల వంచుకుని ఆ చేతి మీద తన రెండో చెయ్యి వేసి, "అలాగే మేస్త్రీ గారూ" అన్నాడు. ఏం అర్థమై అన్నాడో ఆ దంపతులకి తెలియలేదు. జీపు అమ్మేశాడని, ఆయన భార్య చేతికర్రతో నడుస్తోందని తర్వాత విన్నారు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎవరో ఒకరు కొత్త బండితో వచ్చి షట్టరు ముందు ఆగుతారు. ఆవిడ బయటికొచ్చి తనకి గుర్తున్నంత వరకూ చెప్తుంది. టైర్లు, కొక్కేలు, రేకు. ఎక్కడైనా తప్పితే మేస్త్రీ కుర్చీ చేతి మీద కొడతాడు. ఆవిడ ఒక్కొక్కటే అడుగుతూ పోతుంది: ఇదా? కాదు. ఇదా? ఒక్కోసారి దొరుకుతుంది. ఎక్కువసార్లు వచ్చినవాళ్ళకి ఓపిక చాలదు. "పర్లేదండీ, మళ్ళీ వస్తాం" అని బండి తీస్తారు. ఆయన ఎడం చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి కిందికి దిగుతుంది.