అతిథి, ఆతిథేయి, ఓ వదిన

అన్నయ్య పిల్లలు ఆమెకు పెట్టిన పేరు అచ్చుతప్పుల అత్త. మందు సీసా మీది కాగితం చదివినా, బస్సు వెనకాల రాసింది చదివినా ఆమె కళ్ళు ముందు తప్పు మీదే వాలుతాయి. బీమా కార్యాలయంలో కంప్యూటర్ల బాగోగులు చూడడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి తప్పులు దిద్దడం సరదా. ఒకే కంప్యూటర్ లోపల నాలుగైదు కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఊరికే దొరుకుతుంది, ఎవరైనా బాగుచేయవచ్చు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుటలను కొందరు కలిసి తెలుగులో రాస్తారు, ఈవిడ దిద్దుతుంది. పైసా రాదు. అయినా ఆ పనిలో ఉన్నంతసేపూ ఆవిడ మొహం చూడాలి, పాలు తాగిన పిల్లిలా ఉంటుంది.

వదిన రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతుంది. అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ పెట్టింది ఈవిడే. "రిపోర్టుల కంప్యూటర్లో చోటు చాలట్లేదమ్మాయ్" అని వదిన ఫోన్ చేసింది.

"చోటు పెంచడం గురించిన పుట ఉంది, చూసి చెయ్యి వదినా. నేను దిద్దిందే, కళ్ళు మూసుకుని చేసెయ్యొచ్చు" అంది ఈవిడ దర్జాగా.

వదిన అలాగే చేసింది. లోపల నడిచే చిన్న కంప్యూటర్ అతిథి, దాన్ని మోసే పెద్దది ఆతిథేయి. ఆపవలసింది అతిథిని. పుటలో మాత్రం "ముందుగా ఆతిథేయిని ఆపండి" అని ఉంది. ఇంకేముంది! బిల్లులు, రిపోర్టులు, టోకెన్లు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నష్టమేమీ జరగలేదు కానీ, మధ్యాహ్నం దాకా వదిన అందరిచేతా మాటలు పడింది.

"చుట్టాన్ని పంపమనాల్సింది పోయి ఇంటికే తాళం వేయించావు కదే! పెద్ద దిద్దేదానివి!" అని వదిన ఫోన్ చేసి తిట్టి పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఈవిడ పుట తెరిచి చూస్తే తప్పు నిజంగానే ఉంది. రాసింది ఇంకెవరో, చూసి సరేనన్నది మాత్రం తనే. లోకం తప్పులన్నీ పట్టేదానికి తన కళ్ళముందున్నది కనబడలేదు. సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ బాధేసింది. వదినంటే ఆమెకు ప్రాణం. అన్నయ్యతో గొడవొచ్చినా వదిన పక్షమే.

ఆ ఒక్క మాట మారిస్తే సరిపోయేది. కానీ ఈ కవలల్లాంటి మాటలు ఉన్నంతకాలం ఇంకొకరు పొరబడతారు. వదిన తిట్టులోని మాటలే మేలనిపించి పుటంతా తిరగరాసింది: "ముందుగా చుట్టాన్ని ఆపండి. ఇల్లు నడుస్తూనే ఉండాలి."

"మరీ హుందాగా లేదమ్మా" అని నసిగాడు ఆ జట్టులోని పెద్దాయన.

"హుందాగా ఉన్న మాట వల్లే మా వదిన నాతో మాట్లాడట్లేదండీ" అని జవాబిచ్చింది. ఆయన నవ్వి ఒప్పుకున్నాడు.

కొత్త పుట వదినకు పంపి, "తప్పు నాదే వదినా" అని రాసింది.

మర్నాడు ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. వదినే!

"చుట్టం బానే ఉంది, ఇల్లూ బానే ఉంది" అంది వదిన బెట్టుగా. "మరి ఆ కింద 'మార్పులను పొదుపు చేయండి' అని ఏడ్చిందేంటి? తీసుకెళ్ళి బ్యాంకులో వెయ్యాలా?"

చూస్తే నిజమే. భద్రపరచండి అనాల్సిన చోట పొదుపు! ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"సాయంత్రం దిద్దుతాలే వదినా."

"సాయంత్రం దాకా ఎందుకు? పుటంతా చదివాను, ఇంకా ఉన్నాయి. కూర్చుని దిద్దు. అయ్యేదాకా నేను ఫోన్ పెట్టను."